జడ ఫోటో

నూనె గిన్నెను పొయ్యి సెగకు పెట్టాకగానీ జైనబీకి గుర్తు రాలేదు, ఇవాళ కూడా తల దువ్వించుకోవడానికి ఎవరూ రారని. చేతులకేం తెలుసు పాపం! పదకొండేళ్ళుగా పొద్దున్నే అదే పని. ఒమాన్ దేశపు అల్ సువైక్‌లో యజమాని ఖమీస్ ఇంటి వంటగది వెనక వరండాలో తానొక కుర్చీ వేసుకుని, ముందు నీలం ప్లాస్టిక్ పీట వేసేది. ఖమీస్ పెద్ద కూతురు రహ్మా వచ్చి పీట మీద చతికిలబడి, తనకు వచ్చిన రెండే రెండు తెలుగు ముక్కలు అనేది: "అమ్మా, జడ!"

జైనబీది రాయచోటి దగ్గర పల్లె. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులకు కాస్త వాలి నడుస్తుంది. గచ్చు కడిగే మందుకు అరచేతుల మీద తెల్లగా పొట్టు లేస్తూ ఉంటుంది. మొగుడు పోయాక, ఎనిమిదేళ్ళ కూతురు రజియాను జేజి దగ్గర వదిలి ఈ దేశం వచ్చింది. అప్పటికి రహ్మాకు ఏడేళ్ళు. సొంత కూతురికి వెయ్యాల్సిన జడలన్నీ ఈ పిల్లకే వేసింది. ఈమధ్య పిల్లలిద్దరూ ఫేస్‌బుక్కులో స్నేహం కూడా కలిపారు. రజియా నెట్ సెంటరుకు వెళ్ళి ఇంగ్లీషులో ఏదో రాస్తే, రహ్మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూచుని జవాబిచ్చేది.

ఫేస్‌బుక్కులో రహ్మా మొహం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు ఉంటుంది. ఆమె స్నేహితురాళ్ళదీ అదే తంతు. ఒకామెకు పిల్లికూన, ఇంకొకామెకు కాఫీ కప్పు.

"మొగం పెట్టకుంటే అది నువ్వని ఎట్ల తెలుస్తాది?" అని వచ్చీరాని అరబ్బీలో జైనబీ ఒకసారి నవ్వింది.

"తెలియాల్సినవాళ్ళకు తెలుసులే" అంది రహ్మా.

ఆ మాట అప్పుడే చెవిన పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

తల్లి ఫోటో పంపమని రజియా ఎన్నాళ్ళుగానో పోరుతోంది. పోయిన నెలలో ఒక పొద్దున జడ వేస్తుండగా రహ్మా చెల్లెలు జైనబీ ఫోన్‌తోనే ఫోటో తీసింది. దువ్వెన పట్టుకుని జైనబీ, ఆమె ముందు నడుము దాటిన జుట్టు విరబోసుకుని రహ్మా, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. జన్మలో తాను చక్కగా పడిన ఫోటో అదొక్కటే. పక్కింట్లో పనిచేసే కుల్సుమ్ సెలవు మీద ఊరికి పోతుంటే ఫోటోను ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి ఆమె చేతికిచ్చి పంపింది. జైనబీ కూడా వాకిలి దాటితే తల మీద కొంగు కప్పుకునే మనిషే. కానీ కన్నబిడ్డకు పంపితే అది వీధిలో పెట్టినట్టు ఎట్లా అవుతుంది? ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకే కదా అనుకుంది.

రజియా ఆ ఫోటోను ఫేస్‌బుక్కులో పెట్టింది. "మా అమ్మ, నా చెల్లెలు" అని మురిసిపోతూ తెలుగులో రాసి, రహ్మా పేరు కూడా దానికి తగిలించింది. తెల్లారేసరికి గులాబీ పక్కనే రహ్మా మొహమూ జుట్టూ చుట్టాలందరికీ కనబడ్డాయి. సొహార్‌లో మేనత్త కొడుకులు చూశారు, వాళ్ళ స్నేహితులు చూశారు. పెదనాన్న కారేసుకుని వచ్చి హాల్లో నిలబడి అరిచాడు. ఆ పిల్ల పేరు మీద కనబడింది కాబట్టి పిల్లే పెట్టుకుందని అందరూ తేల్చేశారు.

ఎవరు పెట్టారో రహ్మాకు తెలుసు. ఖహ్వా కాఫీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ జైనబీని ఒక్కసారి చూసి తల దించుకుంది. నిజం చెబితే తనను ఊరికి పంపేస్తారని పిల్ల ఆగిందనుకుంది జైనబీ. జైనబీ భయమూ అదే, రజియా నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుంది. అట్లా మూడు రోజులు ఇద్దరూ నోరు మెదపలేదు. వచ్చే నెల మస్కట్ కాలేజీలో చేరాల్సిన పిల్ల గది దాటి రాలేదు, పళ్ళెంలో పెట్టిన అన్నం పెట్టినట్టే తిరిగొచ్చింది.

గిన్నెలో నూనె పొగలు కక్కింది. జైనబీ పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, యజమానురాలు సల్మా ముందుకు పోయి నిలబడింది. ఇక్కడ పనివాళ్ళు యజమానురాలిని పిలిచే మాట 'మామా', అంటే అమ్మ.

"మామా, ఆ ఫోటో నా ఫోన్‌లోది. నా బిడ్డ పెట్టింది. రహ్మాకేం తెలీదు."

సల్మా అరవలేదు. అరిచినా బాగుండేది. తినబోతున్న ఖర్జూరాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"మూడు రోజులు ఏం చేస్తున్నావు? పిల్ల చేరదని వాళ్ళ నాన్న నిన్ననే కాలేజీకి చెప్పేశాడు."

"మళ్ళా చెప్పమను మామా. తప్పు నాది గదా."

"తప్పెవరిదైతేనేం? చూసినవాళ్ళ కళ్ళు కడిగొస్తావా?"

జైనబీ తల వంచుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఖమీస్ ఆమె పాస్‌పోర్టు, విమానం టికెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సల్మా జైనబీ ఫోన్ తీసుకుని ఫోటో తానే తుడిచేసి, కూతురితో మాట్లాడుకొమ్మని తిరిగిచ్చింది.

"పాపా, ఆ ఫోటో ఇప్పుడే తీసేయ్. కార్డులో గూడా పెట్టుకోవద్దు."

"ఎందుకు మా? నీ ఫోటో నాకాడ అదొక్కటే ఉండాది."

"నేనే వస్తాండాలే."

రజియా సంతోషం పట్టలేక అవతల కేక పెట్టింది. ఆ కేక విని జైనబీ గోడకు ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కారు గేటు దగ్గర ఆగింది. చెప్పుల కోసం జైనబీ వెనక వరండాలోకి పోతే, అక్కడ రహ్మా నిలబడి ఉంది. మూడు రోజులకే కళ్ళు లోతుకు పోయాయి. జైనబీ గబగబా నీలం పీటను ముందుకు జరిపి దువ్వెన అందుకుంది. విమానం పోతే పోనీ అనుకుంది. రహ్మా వచ్చి పీట మీద కూచుంది.

కానీ తల మీది నల్ల ముసుగు తియ్యలేదు. నుదుటి దగ్గర ఒక్క వెంట్రుక కూడా కనబడకుండా బిగించి కట్టుకుంది. పరాయి మగవాడు గడపలోకి వస్తే తప్ప ఈ పిల్ల ఇంట్లో ఏనాడూ ముసుగు వేసుకున్నది లేదు.

"జడ?" అంది జైనబీ.

రహ్మా వెనక్కి తిరగలేదు.

"మొదటి రోజే నువ్వే చెబుతావని ఎదురుచూశాను" అంది అరబ్బీలో. "అందుకే నేను చెప్పలేదు."

జైనబీ చెయ్యి ఆ ముసుగు దాకా వెళ్ళి ఆగిపోయింది. బయట కారు హారన్ మోగింది. రహ్మా లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. జైనబీ చెప్పులు తొడుక్కుని, బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

వరండాలో నీలం పీట మీద దువ్వెన ఉంది, పళ్ళ మధ్య పాత వెంట్రుకలు రెండు మూడు ఇంకా చిక్కుకునే ఉన్నాయి.