జెండా లోపలి గుడ్డ

ఆ శనివారం ముగించాల్సిన పనులు ఇవి. ఇటుకరంగు జెండాల చివరి కట్టకు ఇస్త్రీ చేసి సభ దగ్గరికి పంపాలి. నేరేడురంగు జెండాలకు అంచులు మడవాలి. నర్సమ్మగారి పాత కోటుకు లైనింగు మార్చాలి. రెండో మిషను బెల్టు జారుతోంది, బిగించాలి. కాజాల పిన్ని కళ్ళజోడు కాడ ఊడింది, దానికి స్క్రూ వేయించాలి. బక్రం కొనాలి.

బక్రం కొనాలన్నది మా కొట్లో ఎప్పుడూ ఉండే పని. అమ్మ ఎప్పుడూ కొనేది కాదు. జెండాకు కర్ర దూర్చే గొట్టం ఉంటుంది కదా, కర్ర రాపిడికి అది ముందుగా చిరుగుతుంది. అందుకని లోపల బక్రం అనే గట్టి గుడ్డ పట్టీ వేసి కుట్టాలి. బక్రానికి బదులు అమ్మ బల్ల కింద పోగుపడ్డ కటింగు ముక్కల్లోంచి చేతికందింది తీసి, మడిచి, లోపల పెట్టేసేది. ఎన్నికల రోజుల్లో బల్ల కింద ఉండేవి రెండే రంగులు. నేరేడురంగు జెండా కడుపులో ఇటుకరంగు ముక్క, ఇటుకరంగు దాని కడుపులో నేరేడు ముక్క.

"లోపలిది ఎవడు చూస్తాడే?" అనేది అమ్మ.

ఈ రెండు రంగుల తగువు ఏటి అవతలినుంచి వచ్చినవాళ్ళ గురించి. తాతల కాలంలో ఏరు దాటి వచ్చినవాళ్ళను తిరిగి పంపెయ్యాలని ఇటుకరంగువాళ్ళు, ఉండనివ్వాలని నేరేడురంగువాళ్ళు. ఈ గొడవ మొదలయ్యాక వియ్యంకులు మాట్లాడుకోవడం మానేశారు. ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద సెలైన్లు ఎక్కించుకుంటూ కూడా జనం వాదించుకున్నారు.

కాజాల పిన్ని వాళ్ళ నాయనమ్మ ఏరు దాటి వచ్చింది. పిన్ని మాత్రం మా వెనక వీధిలోనే పుట్టింది. అమ్మ దగ్గర చేతి కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. నాకు రక్తసంబంధం కాదు, కానీ ఊహ తెలిసినప్పటినుంచీ పిన్నే. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆమె నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి "కాలేజీ" అనేది.

"ఏమే కాలేజీ, ఇంత చదివావు, సూదిలో దారం ఎక్కించడం ఏ సంవత్సరంలో చెప్తారు?"

"నీ కళ్ళజోడు బాగుచేయించాక చెప్తారు పిన్నీ."

"అయితే నువ్వు ముసలిదానివయ్యాక."

మధ్యాహ్నం ఇటుకరంగువాళ్ళ సభలో గాలి విసురుగా వీచింది. ఒక జెండా గొట్టం దగ్గర చిరిగింది. లోపలినుంచి నేరేడురంగు పట్టీ బయటికి వేలాడింది. ఎవరో వీడియో తీశారు. "మన జెండా కడుపులో శత్రువు జెండా" అని పెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రోజులు. సాయంత్రానికి మా కొట్టు పేరు, కొట్లో ఎవరు పనిచేస్తారన్నదీ అందరికీ తెలిసిపోయింది.

ముందుగా వచ్చినవాడు మైకు మావయ్య. సభలకు మైకులు అద్దెకిస్తాడు, ఇటుకరంగువాళ్ళకు మా వీధిలో పెద్ద. అమ్మను అక్కా అని పిలుస్తాడు. అతని వెనక గుమ్మం నిండా మనుషులు.

"అక్కా, ఆవిడని బయటికి రమ్మను. మాట్లాడి వెళ్ళిపోతాం."

"ఎవర్నిరా?"

"ఇంకెవర్ని? అవతలామెని."

"ఆ పట్టీలు వేసింది నేను. నాతో మాట్లాడు."

మావయ్య నవ్వాడు. "నువ్వెందుకు వేస్తావక్కా, నువ్వు మనదానివి."

"బక్రం ఖర్చు మిగుల్తుందని వేశాను. అది కాజాలు తీసే మనిషి, జెండాకి కాజాలెక్కడుంటాయిరా? దాని చెయ్యే పడదు."

"నువ్వు మంచిదానివి, నీకు కుట్రలు తెలీవు."

పిన్ని లోపల ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి ఉంది. చేతిలో నర్సమ్మగారి కోటు. "అక్కా, నేను వెళ్తాలే, నాలుగు తిట్లు తింటే పోయేదానికి," అంది. అమ్మ ఆమెను కదలనివ్వలేదు. కత్తెర తీసుకుని గుమ్మంలోకి వచ్చి, అంచు మడిచి ఉన్న ఒక నేరేడురంగు జెండా అందుకుని, గొట్టం కుట్లు పర్రున విప్పేసింది. లోపల ఇటుకరంగు ముక్క.

"చూడు! వాళ్ళ దాంట్లో మీది ఉంది, మీ దాంట్లో వాళ్ళది ఉంది. కుట్ర చేసేది రెండువైపులా చేస్తుందట్రా? ఇది చెత్త. కటింగు చెత్త!"

మావయ్య ముఖంలో ఏదో సడలడం నేను చూశాను. రుజువంటే ఇదే కదా, అయిపోయింది అనుకున్నాను. కానీ వెనక వాళ్ళ చేతుల్లో ఫోన్లు పైకి లేచే ఉన్నాయి. అమ్మ కొరివితో తల గోక్కుందని మాకు గంట తిరగకుండానే తెలిసింది. ఈసారి నేరేడురంగువాళ్ళ వీడియో వచ్చింది. "మన జెండాలో వాళ్ళ గుడ్డ పెట్టిందెవరు? మన అండన బతుకుతూ వాళ్ళకు అమ్ముడుపోయిన ఆ కాజాలావిడే." అంతవరకూ ఆమె పక్షాన ఒక రంగయినా ఉండేది. రెండు రంగులకూ అన్నేళ్ళలో కుదిరిన ఒకే ఒక్క ఏకాభిప్రాయం ఇది.

మర్నాడు పొద్దున్నే పోలీసు వ్యాను వచ్చి పిన్నిని తీసుకెళ్ళింది. నేనూ అమ్మా స్టేషనుకు వెళ్ళాం. అమ్మ చెప్పింది చెప్పినట్టు నేను శుభ్రంగా రాసి, కింద ఆమె చేత సంతకం పెట్టించి తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టరుగారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించారు. కాగితం ఆసాంతం చదివారు.

"నేను నమ్ముతున్నానమ్మా," అన్నారు.

అమ్మ లేచి నిలబడింది. "అయితే దాన్ని పంపించెయ్యండి బాబూ."

"మీరు చేశారంటే ఇది పొదుపు. కేసే లేదు. కేసు లేదంటే బయట రెండు గుంపులున్నాయి, వాళ్ళకి నేనేం చెప్పను? ఆమె చేసిందంటేనే కేసు."

"మరి నన్ను పెట్టండి లోపల."

"మిమ్మల్ని పెడితే ఎవరూ శాంతించరమ్మా." కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నాకే తిరిగిచ్చారు. "అమ్మాయి దస్తూరి బాగుంది."

నేరేడురంగువాళ్ళ ఆఫీసుకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఏటి అవతలివాళ్ళ హక్కుల గురించి గోడల నిండా పోస్టర్లు. అక్కడున్న మేడమ్ నా మాట మధ్యలోనే ఆపి, "ఆవిడని ఇప్పుడు వెనకేసుకొస్తే, జెండాను అవమానించినవాళ్ళను వెనకేసుకొచ్చినట్టవుతుంది. మేం పోరాడేది వాళ్ళందరి కోసం. ఒక్క మనిషి కోసం కాదు," అంది. తలుపు దాకా వచ్చి మరీ సాగనంపింది.

స్టేషన్లో పిన్నిని ఒకసారి చూడనిచ్చారు. కళ్ళజోడు లేక నన్ను గుర్తుపట్టడానికి కళ్ళు చికిలించింది.

"కాలేజీవేనా? అమ్మ ఇంకా నేనే చేశాను, నేనే చేశాను అని తిరుగుతోందా?"

"ఊఁ."

"మానెయ్యమను. ఎవరూ వినని నిజం చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంటుంది. కోటు లైనింగు సగంలో ఉంది, నర్సమ్మగారికి ఇచ్చెయ్యండి." తర్వాత చాలా మామూలుగా అడిగింది, "ఏటవతల భాష నాకు సరిగా రాదు కదే, అక్కడ నన్ను ఎవరంటారో?"

కోటు ఇచ్చేస్తామని మాత్రం చెప్పాను.

ఎన్నికలు కాకముందే ఆమెను ఏరు దాటించారు. అవతలివాళ్ళు తమ మనిషి కాదన్నారట. ఆ తర్వాత ఏ కబురూ లేదు. నేను రాసిన అర్జీలకు జవాబులు వస్తూనే ఉన్నాయి, సంబంధిత విభాగాన్ని సంప్రదించమని.

అమ్మ మానలేదు. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్తుంది, "ఆ పట్టీలు వేసింది నేను." వాళ్ళు ఆమె వైపు జాలిగా, గౌరవంగా చూస్తారు. "ఎంత మంచిమనిషి! ఇప్పటికీ ఆ కాజాలావిడ తప్పు తన మీద వేసుకుంటోంది," అని మెట్లు దిగుతూ చెప్పుకుంటారు. మైకు మావయ్య అయితే ఒక సభలో ఈ మాట మైకులోనే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ రోజు అమ్మ మిషను ముందు కూర్చుంది గానీ కాలు ఆడించలేదు.

రెండు రంగులవాళ్ళూ చెప్పే కథలో ఒక కాజాలావిడ ఉంది, కానీ ఆ మనిషి మా పిన్ని కాదు. అందుకే ఇది రాశాను. దీనివల్ల ఆమె తిరిగి రాదని నాకు తెలుసు. చదివినవాళ్ళను అడిగేది ఒక్కటే. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, దారం పంటితో తెంపి, వీధిలో పోయే ప్రతివాడికీ ఒక వెటకారపు పేరు పెట్టి మమ్మల్ని నవ్వించిన ఒకావిడ ఉండేది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.