ఊపిరి ఆపన్నా

పౌలు, ఎలీషా ఒకే కారెక్కితే కనకమామిడి ఊరంతా వింతగా చూసింది. మరి చూడదా? సొంత అన్నదమ్ములు మాట్లాడుకోక ఐదేళ్లు దాటింది. ఎలీషా బండి నడుపుతుంటే, వెనక సీట్లో అన్న పౌలు, వదిన సరోజమ్మ కూర్చున్నారు. కారులో ఉన్నది ముగ్గురే అయినా మాటలన్నీ సరోజమ్మ మీదుగానే నడిచాయి.

"నీ మరిదికి చెప్పు, జర ఏసీ తగ్గియ్యమను" అన్నాడు పౌలు, తమ్ముడి వీపు చూస్తూనే.

"తగ్గిచ్చిన వదినా" అన్నాడు ఎలీషా, అన్నకు వినపడేంత గట్టిగా.

"మీ ఇద్దరి నడుమ నా పానం పోతున్నది" అని సరోజమ్మ తల కొట్టుకుంది.

తప్పు ఎలీషాదే. తన వాటా పొలం ఓ పట్నపాయనకు ఫాంహౌస్ కోసం అమ్మినప్పుడు, అన్న చేనికి పోయే బాట అందులోంచే ఉందన్న సంగతి నోరు విప్పి చెప్పలేదు. కొన్నాయన చుట్టూ గోడ కట్టేశాడు. అప్పటినుంచి పౌలు టమాటా బుట్టలు నెత్తిన పెట్టుకుని అంత దూరం చుట్టి వస్తున్నాడు. తప్పయిందన్నా అనే ఒక్క ముక్క ఎలీషా గొంతు దాటలేదు. చర్చిలో ఒకడు ఈ మూల, ఒకడు ఆ మూల. పాస్టరుగారు ఎంత మొత్తుకున్నా ఇద్దరూ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగానే ఉండిపోయారు.

ఇప్పుడు పౌలుకు పేగులో క్యాన్సర్. లివర్ పైభాగాన కూడా ఏదో మచ్చ కనిపించింది. మనిషి ఊపిరి తీస్తున్నంతసేపూ లివర్ కిందికీ మీదికీ కదులుతూనే ఉంటుంది. పోయినసారి స్కాన్‌లో పౌలు గాబరాతో ఎగపోస్తుంటే ఆ మచ్చ కాస్తా చేత్తో అలికినట్టు వచ్చింది. ఒక్కటే మచ్చయితే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, చెల్లాచెదురుగా ఉంటే లాభం లేదు, ముందు ఫోటో కదలకుండా రావాలి అన్నాడు డాక్టరు. అందుకే సరోజమ్మ వెళ్లి మరిదిని బండి తీయమంది.

మొయినాబాద్ దాటాక ఉన్న పెద్ద దవాఖానలో పౌలుకు మందు సూది వేసి మిషన్‌లో పడుకోబెట్టారు. ఊపిరి కదలిక తెలియడానికి పొట్టకు బెల్టు కట్టారు. పీల్చు, వదులు, ఆపు అని మిషన్ చెప్పినప్పుడల్లా చేయాలి. పౌలు ఆ రికార్డు గొంతుకు బెదిరిపోయి అన్నీ తలకిందులు చేశాడు.

స్కాన్ తీసే పూర్ణిమ మంచి పిల్ల, ఓపిక గలది. "ఇంటి మనిషి గొంతయితే పెద్దాయన భయపడడు. మైక్‌ల మీరు చెప్పండి" అంది.

సరోజమ్మ మైకు అందుకుంది గానీ మొదటి మాటకే ఏడుపు ముంచుకొచ్చింది. మైకు మరిది చేతికిచ్చేసింది.

అద్దం అవతల అన్న కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, పగుళ్లు బారిన మడమలు. ఎలీషా మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అన్నా... ఊపిరి పీల్చు. వదులు. ఇగ ఆపన్నా" అన్నాడు.

ఆగలేదు. పూర్ణిమ ముందున్న తెరమీద ఊపిరి గీత పిచ్చిగా ఎగిరింది. దగ్గేమో అనుకుంది ఆ పిల్ల. దగ్గు కాదు. చేతులు తలమీదికి ఎత్తి పెట్టుకుని, కళ్లు తుడుచుకునే వీలు కూడా లేక, పౌలు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ఎంతసేపు చూసినా కుదరలేదు. "వచ్చే వారం మళ్ల చేద్దాం. అప్పటిదాక రోజు ఆయనతోని మాట్లాడుండ్రి సార్. మీ గొంతు అలవాటు కావాలె" అంది పూర్ణిమ.

అలవాటు కావాలట! ఒక్క తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిన్న అన్నకు తన గొంతు అలవాటు చేయాలట! ఎలీషాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు అన్న వాకిట్లోనే ఉన్నాడు. మంచం మీద పౌలు, పక్కన పీటేసుకుని ఎలీషా. పీల్చు, వదులు, ఆపు.

"బాట సంగతి... తప్పయిందన్నా" అన్నాడు ఓ రోజు.

"గిప్పుడా చెప్పేది? ముందుగాల ఊపిరి ఇడువమంటవా లేదా? సచ్చేటట్టున్న" అన్నాడు పౌలు. సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోయిన ఎండాకాలం నుంచే పక్కలో పోటు ఉండేదని పౌలే చెప్పాడు. ఎలీషాకు అప్పటి సంగతి గుర్తొచ్చింది. ఆ ఎండాకాలంలోనే, ఫాంహౌస్ గోడ పక్కన బుట్ట దించి, పక్క పట్టుకుని వంగి కూర్చున్న అన్నను కళ్లారా చూశాడు. ఏమైందన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పంతం అడ్డొచ్చి బండి ముందుకు పోనిచ్చాడు. ఆ రోజు అడిగితే అరిగిపోయేదా నా నోరు? ఛీ, ఏం మనిషిని అని తనను తానే తిట్టుకున్నాడు. అన్నకు మాత్రం చెప్పే ధైర్యం చాలలేదు.

వారం తిరిగాక మిషన్‌లో పౌలు తమ్ముడు ఆపమన్నప్పుడల్లా ఆపాడు, వదలమన్నప్పుడల్లా వదిలాడు. పూర్ణిమ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

సాయంత్రం డాక్టరు ఎలీషాను ఒక్కడినే లోపలికి పిలిచి తెర చూపించాడు. లివర్‌కు అటూ ఇటూ మచ్చలు, దేనికది విడివిడిగా. "ఇక అనుమానం లేదు. ఆపరేషన్ కుదరదు, మందులతో నెట్టుకురావాలి. కాస్త ముందే తీసుకొచ్చుంటే బాగుండేది" అన్నాడు. ఫోటో అలికినట్టు ఉన్నప్పుడే నయం, ఒకటే మచ్చ అనుకోవడానికైనా వీలుండేది అనిపించింది ఎలీషాకు.

తిరుగు ప్రయాణంలో పౌలు ముందు సీట్లో, తమ్ముడి పక్కన కూర్చున్నాడు.

"ఫోటో ఎట్లొచ్చింది తమ్మీ? ఈసారి కదల్లే గద నేను?"

ఎలీషా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "కదల్లే అన్నా. శాన సాఫ్‌గ వచ్చింది."

పౌలు గర్వంగా వెనక్కి తిరిగాడు. "ఇన్నవానె సరోజా? నా తమ్ముడు చెప్తె రాకుంట ఉంటదా?"