అమరేశ్వరరావుగారి షెవర్లే కారు

నెహెమ్యా నాలుగో తరగతితో బడి మానేశాడు. మానేశాడనడం మర్యాదకు. పలక పగిలితే ఇంకో పలక కొనే దిక్కు లేక మాన్పించారు. చదువుకున్నవాళ్లు పత్రికను మొదటి పేజీ నుంచి చదువుతారు. ఎవరు ఏ సభలో ఏమన్నాడన్నది నెహెమ్యాకు అక్కర్లేదు, అన్నవాళ్లెవరూ అతని బస్సు ఎక్కలేదు కనుక. అతను చివరి పేజీ తిప్పి, అమ్మకాల ప్రకటనల మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేవాడు. 1946 ఎండాకాలంలో ఒక పొద్దున, నరసరావుపేట బస్సు షెడ్డు పక్కనున్న మంగలి దుకాణంలో, ఆ వేలు ఒకచోట ఆగిపోయింది.

"అమ్మకానికి: 1928 షెవర్లే టూరింగు కారు. ఒకే యజమాని. తొమ్మిదేళ్లుగా షెడ్డులో నిలిపి ఉన్నది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును. పి. అమరేశ్వరరావు, గురజాల."

సగం గడ్డంతోనే లేచి పరిగెత్తాడని మంగలి తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం. మిగతా సగం కూడా గీయించుకునే లేచాడు. అమరేశ్వరరావు ముందుకు సగం గడ్డంతో పోవడానికి అతనికేమీ పిచ్చెక్కలేదు.

ఆ కారు మద్రాసులో కొన్న రోజు నుంచి ఏడేళ్లు దాన్ని నడిపింది నెహెమ్యాయే. దాని నడక, దాని దగ్గు, ఎత్తు ఎక్కేటప్పుడు అది తీసే ఆయాసం, అన్నీ అతనికి తెలుసు. అమరేశ్వరరావు నాలుగు ఊళ్లలో భూములున్న ఆసామి. ఆయన తండ్రి నాపరాయి పగలగొట్టించి తవ్వించిన బావి ఆ ఇంటికి కిరీటం. గుక్కెడు తాగితే ప్రాణం లేచివస్తుందని వచ్చినవాళ్లందరికీ చెప్పి మరీ తాగించేవారు. నెహెమ్యా గురజాల క్రైస్తవ పల్లెవాడు. ఆ బావి గట్టు ఎక్కకూడదు. ఎక్కాలని అతనూ అనుకోలేదు. రోజూ కిరసనాయిలు డబ్బాలు కావడికి తగిలించుకుని మైలు దూరం నడిచి చెరువు నీళ్లు తెచ్చి కారుకు పోసేవాడు.

1935లో ఒకనాడు అమరేశ్వరరావు అడ్డం పడ్డాడు. ఇంట్లో బంగారం లాంటి బావి పెట్టుకుని బురద నీళ్లెందుకన్నాడు. "ఈ బావి నీళ్లు ఇంజనుకు పడవండీ" అన్నాడు నెహెమ్యా. అంతే. గట్టెక్కే అర్హత లేనివాడు బావికి వంక పెట్టాడని ఆ సాయంత్రమే తాళంచెవి లాక్కుని పంపేశారు. రెండేళ్లకు కారు మూలపడింది. ఇంజను చెడగొట్టి పోయింది ఆ నెహెమ్యాగాడేనని పెద్దాయన ఊరంతా చెప్పాడు. పెద్దాయన నోటి మాట పల్నాడంతా పాకింది. ఆ తర్వాత ఎవడూ అతని చేతికి సొంత కారు ఇవ్వలేదు. పదకొండేళ్లు బస్సులు తోలాడు. యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై వచ్చిన బొగ్గు గ్యాసు బస్సుల వెనక నిలబడి పొగ మింగుతూ గడిపాడు. ఆ పొగ మింగి దాచిన ఆరువందలు ఇప్పుడు నడుముకు కట్టుకుని గురజాల రైలెక్కాడు.

రైల్లో తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు: నోరు మూసుకోవాలి. చూడాలి, బేరమాడాలి, కొనాలి, రావాలి. పాత గొడవ ఎత్తితే కారు దక్కదు.

అమరేశ్వరరావు వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. ముసలితనం వచ్చింది గానీ గొంతు తగ్గలేదు.

"ఏరా నెహెమ్యా, నువ్వా! ఎవరన్నా ఆసామి చూసి రమ్మని పంపాడా?"

"లేదండీ. నేనే కొందామని వచ్చా."

పెద్దాయన నవ్వు లోపల వంటింటి దాకా వినిపించింది. "కారేందిరా, గేదె అనుకున్నావా? సరే, చూడు. చూస్తే పోయేదేముంది. గుంటూరు నుంచి ఒక మెకానిక్కు రానే వచ్చాడు. ఇంజను లోపల కరుచుకుపోయింది, తూకానికి తప్ప పనికిరాదన్నాడు. మూడొందలిస్తానన్నాడు."

షెడ్డు తలుపు తీస్తే ముందు కోడి బయటికొచ్చింది. వెనక సీటులో తవుడు బస్తాలు, బస్తాల మధ్య గుడ్లు. టాపు గుడ్డ ఎలుకల పాలయింది. నెహెమ్యా చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ముఖం చూసి మురిసిపోలేదు. గోనె పరుచుకుని ముందు అడుక్కి దూరాడు. ఫ్రేము పొడుగునా సుత్తితో తట్టుకుంటూ పోయాడు. ఖణేలుమంది. వంపు లేదు, అతుకు లేదు. కాళ్ల కింద చెక్కలకు మాత్రం చెద పట్టింది. చక్రాలు పట్టి ఊపితే ఇరుసు నుంచి అంచుకు పోయే చెక్క ఆకులు కిర్రుమన్నాయి. ఎండిపోయి వదులయ్యాయి. టైర్లు వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలాయి.

చివరికి ఇంజనుకు హ్యాండిలు పెట్టి తిప్పాడు. కదల్లేదు. వసారాలోంచి పెద్దాయన అరిచాడు.

"చెప్పలా! కరుచుకుపోయిందని!"

నెహెమ్యా నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, కిరసనాయిల్లో కాస్త ఆముదం కలిపి ఒక్కో రంధ్రంలో పోశాడు. వేపచెట్టు కింద కూర్చున్నాడు. గుంటూరు మెకానిక్కు ఎంతసేపు ఆగాడో అతనికి తెలుసు. అసలు ఆగలేదు. పట్నం కార్లు చూసేవాళ్లకు తొందర. గంట గడిచాక లేచి మళ్లీ హ్యాండిలు పట్టాడు. ఈసారి రెండు వేళ్లంత కదిలింది. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. మొండి ఎద్దును లేపినట్టు ఓపికగా లేపాడు. ఒక్కసారిగా ఇంజను చుట్టు తిరిగింది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పితే గాలి వేలిని ఎగదన్నింది. నాలుగు రంధ్రాలూ అంతే. ఇంజను బతికే ఉంది.

రేడియేటరు మూత తీశాడు. లోపల గొట్టాల నోళ్లన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి. అగ్గిపుల్ల దూరే సందు కూడా లేదు. నీళ్లు తిరగలేదు, ఇంజను ఉడికిపోయింది, భయపడి ఆపేశారు. అంతే జరిగింది. తొమ్మిదేళ్లుగా తన నెత్తిన మోసిన నింద ఇంత తెల్లటి సున్నప్పొర.

ఇప్పుడు నోరు మూసుకుంటే మూడొందల యాభైకి కారు తనది. ఆ లెక్క అతని బుర్రలో సాఫీగానే నడుస్తోంది. అప్పుడు పెద్దాయన కర్ర పొడుచుకుంటూ షెడ్డు దాకా వచ్చాడు.

"ఏమన్నా తేలిందా? నువ్వు చెడగొట్టిపోయిందే గదా. నీ తర్వాత వచ్చిన డ్రైవరు రూఢిగా చెప్పాడు."

"మీ బావి నీళ్లండీ," అన్నాడు నెహెమ్యా.

అనేసిన తర్వాత గానీ తెలియలేదు, నోరు జారిందని.

"ఏందిరా కూశావు?"

"కూయలా, చెప్పా. ఆనాడూ చెప్పా. నాపరాయిలో పుట్టిన నీళ్లు. తాగటానికి తియ్యగా ఉంటయ్, కాస్తే సున్నం దిగుద్ది. ఇంజను నీళ్లు కాచే పొయ్యే గదండీ. చూడండి."

వేలితో గీరి తెల్లటి పెచ్చు తీసి చూపించాడు. ముసలాయన కర్ర ఎత్తాడు. అది దిగేలోపు వెనక నుంచి ఆయన భార్య సీతారావమ్మ గొంతు వినిపించింది. ఆమె వంటింటి వాకిట్లోంచి అంతా వింటూనే ఉంది. నీళ్లు కాచే రాగి కాగును రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పక్కకు ఒరిగించింది. లోపల అడుగున గోరు మందం తెల్ల గార.

"నెలకోసారి దీన్ని సుత్తి పెట్టి కొట్టి రాలుస్తున్నా. మీ కంటబడలా?"

"అది కాగు. ఇది కారు!"

"మీరు తినే కందిపప్పు ఏ నీళ్లతో ఉడుకుతుందో ఎప్పుడన్నా అడిగారా? చెరువు నీళ్లు. ఈ ఇంటికి కాపరానికొచ్చి నలభై ఏళ్లు. మీ బావి నీళ్లతో ఒక్కనాడు పప్పు ఉడకలా. మీ అమ్మ చెప్పొద్దంది, చెప్పలా."

లోపలికి పోయి ఒక నిమ్మచెక్క తెచ్చి ఆ గార మీద పిండింది. బుసబుసమని నురగ లేచింది. నెహెమ్యా తన చేతిలోని పెచ్చును ఆమె పాదాలకు తగలకుండా నేల మీద పెట్టి దూరం జరిగాడు. ఆమె దాని మీదా పిండింది. అదే బుస, అదే నురగ.

పెద్దాయన తల వంచుకుని ఆ నురగనే చూశాడు. ఇంతకాలం ఆ నిమిషం కోసమే బతికినట్టుంది నెహెమ్యాకు. తీరా వచ్చాక దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. కానీ అమరేశ్వరరావు నాలుగు ఊళ్ల భూములు ఊరికే నిలబెట్టుకున్నవాడు కాదు. తల ఎత్తేసరికి ముఖంలో రంగు మారింది.

"అయితే ఇంజను బాగుందన్నమాట."

"బాగుందండీ."

"మరి మూడొందలకెట్టా ఇస్తాన్రా? తొమ్మిదొందలు."

సీతారావమ్మ నెత్తి కొట్టుకుంది. "అదీ మనిషి!"

నెహెమ్యా ముందు తన నోటిని తనే తిట్టుకున్నాడు. ఆ తర్వాత, ఎందుకో, నవ్వొచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి పెద్దాయన తన మాట మీద రేటు కట్టాడు.

"ఇంజను బాగుందన్నది ఎవరండీ? గుంటూరు మెకానిక్కు కాదు గదా."

"నువ్వే అన్నావు."

"నా మాట నమ్మారు గదా. నమ్మితే మొత్తం నమ్మాల. సగం నమ్మటం కుదరదు." చేయి పట్టి లాగినంత పని చేసి ముసలాయన్ను కారు చుట్టూ తిప్పాడు. "ఈ ఆకులు చూడండి, నాలుగు చక్రాలూ వడ్రంగి దగ్గరికి పోవాల. టైర్లు నాలుగూ పొట్టు. కొత్తవి దొరకటానికి యుద్ధం ఆగింది గానీ కరువు ఆగలా. టాపు లేదు. చెద చూడండి, కాలు పెడితే రోడ్డు తగులుద్ది. వైర్లు ఎలకలు తిన్నయ్. రేడియేటరు చింతపండు పులుసు పోసి నానబెట్టి, తోడి, మళ్లీ పోసి, నెల పడుద్ది. ఫ్రేము మాత్రం గట్టిది. అదీ చెబుతున్నా. దాచటంలా."

పెద్దాయన ప్రతి చోటా వంగి చూశాడు. వేలు పెట్టి నొక్కాడు. ఒక్కదానికీ ఎదురు చెప్పలేకపోయాడు. చెప్పినవాడు అబద్ధమాడలేదని ఇప్పుడిప్పుడే రుజువైంది మరి. ఎనిమిదొందలన్నాడు, ఏడొందలన్నాడు, రెండోసారి కూడా చక్రాలు ఊపి చూసి ఆరొందల దగ్గర ఆగాడు.

"ఇంక పైసా తగ్గను."

ఆరొందలూ నెహెమ్యా నడుముకే ఉన్నాయి. అందులో నూరు టైర్ల కోసం అనుకున్నది. ఆలోచిస్తుంటే పెద్దాయన దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. ఆ మనిషి గొంతు తగ్గించగా నెహెమ్యా ఎన్నడూ వినలేదు.

"ఒక పని చేద్దాం. ఐదొందలియ్యి చాలు. కానీ ఈ బావి మాట ఇక్కడే ఉండాల. బయట ఎక్కడా ఎత్తొద్దు. మా నాయన తవ్వించిన బావిరా."

నెహెమ్యా ఆయన ముఖంలోకి చూశాడు. జాలి పడదామనుకున్నాడు కూడా. నూరు రూపాయలంటే రెండు టైర్లు, అవి లేకపోతే కారు ఇంకో ఆరు నెలలు ఇటుకల మీదే. కానీ భార్య కరుణమ్మ అన్న మాట గుర్తొచ్చింది: కారు చెడగొట్టినవాడి పెళ్లామని బావమరిది పెళ్లిలో ఆమెను ఎవరో ఎత్తిపొడిచారు. అన్నం విస్తట్లోనే వదిలి లేచొచ్చింది.

నడుముకట్టు విప్పి ఆరొందలూ అరుగు మీద పెట్టాడు.

"లెక్క చూసుకోండి. ఆరొందలు."

"ఒరేయ్, నూరు తగ్గిస్తానంటుంటే..."

"వద్దండీ. మీరు నా మీద మాట ఊరికే వేశారు. దాన్ని తిప్పికొట్టే మాట నేను నూరు పెట్టి కొనుక్కుంటా."

సీతారావమ్మ నోట్లు తీసి భర్త చేతిలో పెట్టింది. "తీసుకోండి. మీరు నాలుగూళ్లలో చెప్పారు గదా, అతన్నీ నాలుగూళ్లలో చెప్పుకోనీండి."

పెద్దాయన కలం తీసుకుని రసీదు మొదలుపెట్టాడు. "నెహెమ్యా" అని రాసి, కాసేపాగి, పక్కన "గారు" అని చేర్చాడు. సీతారావమ్మ చూస్తున్నందుకో మరెందుకో.

బండి తోలే అబ్దుల్ రహీమ్ తన ఎడ్ల జతను తెచ్చాడు. మోకు కట్టి కారును షెడ్డులోంచి లాగారు. తవుడు బస్తాలు దించారు, గుడ్లు సీతారావమ్మకు అప్పగించారు. నెహెమ్యా చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. టాపు లేని కారు, గాలి లేని టైర్లు, ముందు రెండు ఎద్దులు. గవర్నరు కూడా అంత నిటారుగా కూర్చోడు.

పల్లెకు వెనక సందులోంచి దగ్గర దారి ఉంది. రహీమ్ ఎడ్లను అటు తిప్పబోతే నెహెమ్యా వద్దన్నాడు. "బజారు మీదుగా పోనియ్ భాయ్."

కిరాణా కొట్టు దగ్గర మొదటివాడు అడిగాడు. "ఏందయ్యా నెహెమ్యా, ఆ కారుకేమైంది?"

ఎడ్లను ఆపించి, నాపరాయి దగ్గర మొదలుపెట్టి, కాగు దాకా, నిమ్మచెక్క దాకా చెప్పాడు. బట్టల కొట్టు దగ్గర మళ్లీ చెప్పాడు. తాలూకా కచేరీ ముందు నలుగురు గుమాస్తాలు బయటికొస్తే వాళ్లకు రసీదు కూడా తీసి చూపించాడు. ఎవరో ఒకామె నీళ్ల బిందెతో నిలబడి విని, "మా కాగులోనూ అంతేగా, చానా కాలంగా చెబుతున్నా, వినేవాడేడీ?" అంది. ఆమె కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

అరమైలు దారికి పూట పట్టింది. పల్లె మొదట్లో రహీమ్ ఎడ్లను నిలిపి వెనక్కి తిరిగాడు.

"చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పెట్టలా అన్నా నీకు?"

"నూరు రూపాయలు పోసి కొన్న మాట భాయ్," అన్నాడు నెహెమ్యా, స్టీరింగు వదలకుండానే. "ఇంకా పావలా వంతు కూడా వాడలా. రేపు పొద్దున సంత ఉంది. నువ్వు ఎడ్లు తీసుకురా."