నేలను బట్టి లెక్క

నేను ధైర్యవంతుణ్ణేనా?

సెలవు రోజు పొద్దున మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న చిన్న గోల్ఫు మైదానానికి నడుస్తూ అబ్రహాం తనను తాను ఈ ప్రశ్న అడుక్కున్నాడు. తక్కిన అందరి దగ్గరా దీనికి జవాబు సిద్ధంగా ఉంది. రజాకార్ల అలజడి సాగిన ఏడాదంతా అతను ఒక్కరోజు కూడా రైల్వే ఆఫీసు మానలేదు. పోలీసు చర్య ముగిశాక చర్చిలో పాస్టరుగారు అతని పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు. తోటివాళ్లు చేతులు పట్టుకుని ఊపారు. ఇంతమంది ఒప్పుకున్న మాటను తాను ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాడో అతనికి అంతుపట్టలేదు.

అది తేల్చుకోవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్ద అధికారి అతన్ని పిలిచి ఒక సంగతి అడిగాడు. అలజడి రోజుల్లో సెలవు పెట్టకుండా వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. వాళ్లకు పాత స్థానమే ఇవ్వాలా, నిలబడి పనిచేసినవాళ్ల కింద ఉంచాలా? మీ విభాగం సంగతి మీరే చెప్పండి, మీ మాట ప్రకారమే చేస్తాను, అన్నాడు. గడువు రేపటితో తీరుతుంది.

అబ్రహాం విభాగం నుంచి వెళ్లిపోయింది ఒక్కడే. విభాగానికి పెద్ద అయిన సదాశివ. అతను వెళ్లాక ఆ కుర్చీలో కూర్చున్నది అబ్రహాం.

సదాశివ కిందటి వారం ఆఫీసుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. లోపలికి రాకుండా వరండాలోనే నిలబడి, "ఏందయ్యా అబ్రహాం, మంచిగున్నవా? ఆ కుర్చీ ఎడమ కాలు జెర లొడలొడ ఉంటది. ఒరిగి కూసోకు, పడ్తవు" అన్నాడు. పని ఇప్పించమని మాత్రం అడగలేదు.

అబ్రహాం మనసులో ములుకులా ఉన్నది వేరే ఉంది. "పొయ్యేటప్పుడు ఒక్క మాటన్న చెప్పలే గదన్నా" అన్నాడు.

"చెప్తే ఎవరన్న అడిగినప్పుడల్లా నువ్వు అబద్ధమాడాలె. నీకు అబద్ధమాడొస్తదా? ఆదివారం పొద్దుగాల పాస్టరు ముంగట ఏడ్చి అంతా చెప్పేస్తవు."

నవ్వు వచ్చింది గాని, నొప్పి తగ్గలేదు. నేను ఉన్నాను, ఆయన పోయాడు. ఎటు తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చి ఆగేది. ఉన్నవాడు పైన, పోయినవాడు కింద. న్యాయంగా కనబడే ఆ లెక్క తనకే లాభంగా ఉండటమొక్కటే అతన్ని నిద్రపోనివ్వలేదు.

మైదానంలో లూకా అప్పటికే వచ్చి ఉన్నాడు. సైన్యంతో పాటు వచ్చిన డాక్టరు, గుంటూరు వైపు మనిషి. చర్చిలో పరిచయమై, ఆటలో తోడయ్యాడు. ఇద్దరూ ఎండ ముదరక ముందే తొమ్మిది గుంతల మైదానాన్ని రెండు చుట్లు చుట్టి, గట్టు మీద కూర్చున్నారు.

ఆ చిన్న క్లబ్బులో హ్యాండిక్యాప్‌లు కట్టే పని అబ్రహాందే. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు కాబట్టి, ఆటగాడి సత్తాను బట్టి అతని లెక్కలోంచి కొన్ని దెబ్బలు తీసేస్తారు. బలమైనవాడూ బలహీనుడూ మర్యాదగా తలపడటానికి పెద్దలు చేసిన ఏర్పాటు అది.

"నాకు ఎనభై ఆరు, మీకు ఎనభై ఏడు" అన్నాడు అబ్రహాం. "నా హ్యాండిక్యాప్ పదహారు, మీది పన్నెండు. తీసేస్తే నాకు డెబ్బై, మీకు డెబ్బై అయిదు. అయిదు దెబ్బలతోని ఓడిన్రు డాక్టర్ సాబ్."

లూకా చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఓడిపోవడానికి నాకేం అభ్యంతరం లేదండీ. అయిదంటేనే మనసొప్పట్లేదు. మీ పదహారు ఎక్కణ్ణించి వచ్చింది?"

"బోర్డు మీద డెబ్బై అని ఉన్నది గద. మంచి ఆటగానికి డెబ్బై దెబ్బలు. నేను ఎప్పుడాడినా ఎనభై ఆరు. పదహారు ఎక్కువ."

"ఆ డెబ్బై ఎవరు రాశారు?"

"ఎవరో దొరలు. నేను పుట్టకముందు."

"ఆ దొరలు మూడో గుంత దగ్గర బండ మీంచే కొట్టారా?"

"అప్పుడు బండ లేదంట. వానలకు మట్టి కొట్టుకపోయి తేలింది."

"రండి, చూపిస్తాను."

ఇద్దరూ మళ్లీ నడిచారు. మూడో గుంతకు ముందు వీపు చూపిస్తూ పడుకున్న దున్నపోతులా నల్లటి బండ. "తప్పన్నది చేయనివాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టండి. వాడి బంతీ దీనికి తగిలి పక్కకు పోవాల్సిందే. ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. అది ఆటగాడి తప్పు కాదు, బండది" అన్నాడు లూకా. ఏడో గుంత ఎత్తు మీద ఉంది. ఎదురుగాలి. "ఇక్కడ ఇంకోటి. చుట్టుకు రెండు, రెండు చుట్లకు నాలుగు. కాబట్టి ఈ నేలకు సరైన సంఖ్య డెబ్బై నాలుగు. మీ ఆటను అక్కణ్ణించి లెక్కపెట్టుకోవాలి."

"అట్లయితే నాది సుత పన్నెండే."

"అంతే. నా పన్నెండు మద్రాసులో కట్టింది. అక్కడంతా చదును, పచ్చిక. డెబ్బై అంటే నిజంగానే డెబ్బై. అక్కడ ఎనభై రెండు కొట్టేవాణ్ణి, ఇక్కడ ఎనభై ఏడు. చూసినవాళ్లు నా ఆట చెడిపోయిందనుకుంటారు. నేల తాలూకు నాలుగూ తీసేస్తే నేను చెడింది ఒక్క దెబ్బే." అతను అబ్రహాం భుజం తట్టాడు. "ఇవాళ గెలిచింది మీరే, ఒక్క దెబ్బతో. ఆ ఒక్కటీ మీ సొంతం. మిగతా నాలుగూ బండకీ గాలికీ ఇచ్చేయండి సార్, వాటి సొమ్ము వాటికి!"

"ఇన్నేండ్లు బండ చేసిన పనిని నా ఖాతల ఏసుకున్నన్నట్టు!" అబ్రహాం పకపకా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే తన మాటే తనకు తగిలింది.

లూకా ఆసుపత్రి వేళ అయిందని వెళ్లిపోయాడు. అబ్రహాం గట్టు మీదే ఉండిపోయాడు.

తాను నిలబడ్డ నేల ఎలాంటిది? ఆ ఏడాది తాను ఉన్నది రైల్వే క్వార్టర్లలో. గేటు దగ్గర పహరా ఉండేది. వీధి దీపాలు ఒక్క పూటా ఆరలేదు. ఆదివారం చర్చి గంట వేళ తప్పలేదు. ఆఫీసు పిలుపు దూరంలో ఉండేది. తన తలుపును ఎవరూ తట్టలేదు.

సదాశివ ఇల్లు శాలిబండలో. అతని తమ్ముడు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లాడు. ఆ తమ్ముడి స్నేహితుల కోసమని తుపాకులు వేసుకున్నవాళ్లు సందె వేళ వచ్చి తలుపు బాదారు. లోపల పెళ్లీడు కూతుళ్లిద్దరు. మర్నాడు కూడా సదాశివ సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వచ్చాడు. ఆ తర్వాత కూడా చాలా రోజులు వచ్చాడు. రెండోసారి తలుపు బాదాకనే భార్యాపిల్లల్ని తీసుకుని బెజవాడ వెళ్లాడు. వెళ్లే ముందు పెండింగు పనంతా ముగించి, బీరువా తాళం చెవి అబ్రహాం బల్ల మీద పెట్టాడు.

ఇవేవీ అబ్రహాంకు కొత్త సంగతులు కావు. అన్నీ తెలుసు. తెలిసీ, వాటిని లెక్కలో వేయలేదు. ఉన్నాడా పోయాడా అన్న ఒక్క అంకెనే చూశాడు. సదాశివ నేల మీద తనను నిలబెడితే ఎన్నాళ్లు నిలబడేవాడు? మొదటి తట్టుకే వెళ్లిపోయేవాడేమో. ఏమో, ఉండేవాడేమో. ఆ ప్రశ్నకు ఎన్నటికీ జవాబు దొరకదని అర్థమైంది. అర్థమయ్యాక, ఇన్నాళ్లుగా మోస్తున్న బరువు దిగింది.

చదును నేల దొరకడం తన తప్పు కాదు. దాని కోసం సిగ్గుపడనక్కరలేదు, గొప్పలకు పోవడానికీ లేదు. దొరికినదానికి చేయగలిగింది కృతజ్ఞత చెప్పుకోవడం. పహరావాళ్లకు, దీపాలకు, గంటకు, తన పేరు తెలియని ఎందరికో. తనను అబద్ధమాడవలసిన గతి నుంచి తప్పించి, నిందను సొంత నెత్తిన వేసుకుపోయిన సదాశివకు అందరికంటే ముందు. అబ్రహాం తల వంచి కళ్లు మూసుకున్నాడు. చర్చిలో అందరి ముందు తన పేరు వినబడ్డ రోజు చేయలేకపోయిన ప్రార్థన ఇప్పుడు సులువుగా వచ్చింది.

ఇంటికి వచ్చి భార్యకు అంతా చెప్పాడు. మేబెల్ రొట్టెలు కాలుస్తూ, తల ఎత్తకుండా విన్నది.

"అంటే కుర్చీ ఇచ్చేస్తరా?"

"నాది కానిది ఇచ్చుడేంది?"

"ఈ వేదాంతం నాకొద్దు. ఇస్తరా, ఇయ్యరా?"

"ఇస్త. నీకేమన్న తక్లీఫా?"

"ఆ కుర్చీ వచ్చిన కాడ్నించి మీ మొహం మాడిన రొట్టె లెక్క ఉన్నది. పొద్దుగాల పొద్దుగాల అది చూసుడే నాకు పెద్ద తక్లీఫ్." ఆమె పెనం దించి అతని వైపు చూసింది. చూపు మెత్తగానే ఉంది. "సదాశివన్న వెంట కమలాబాయి అక్క ఆ పిల్లలను తీస్కొని ఎట్ల పోయిందో అని నేను ఎన్నిసార్లు అనుకున్ననో మీకు తెల్వదు. రేపు చెప్తరు గద, ఇప్పుడు తినుండ్రి."

"రేపటి దాకా వద్దు. రేపటికి మళ్ల నేను మంచోణ్ణని ఎవరన్న అంటరు. అది చెవుల పడకముందే పోతా."

మేబెల్ నవ్వాపుకోలేక గరిటెతో గుమ్మం వైపు చూపించింది.

పెద్ద అధికారి బంగళా రెండు వీధుల అవతలే. ఆయన వరండాలో పత్రిక చదువుకుంటున్నాడు. ఎర్రమట్టి బూట్లతో, చెమట బట్టలతో వచ్చిన అబ్రహాంను చూసి కుర్చీ చూపించాడు. అబ్రహాం కూర్చోలేదు.

"సార్, మా విభాగం సంగతి చెప్పడానికి వచ్చాను. సదాశివగారిని ఆయన పాత స్థానంలోనే తీసుకోవాలి. నాకు పైన, ఎప్పటిలాగే."

"రేపు చెప్పవచ్చు కదా?" అధికారి పత్రిక మడిచాడు. "ఆలోచించే చెబుతున్నారా? ఆయన వస్తే మీరు దిగవలసి ఉంటుంది. మీరు నిలబడ్డ మనిషి."

"నేను నిలబడగలిగిన చోట నిలబడ్డాను సార్. ఆయన నిలబడలేని చోట కూడా చాలా రోజులు నిలబడ్డారు."

అధికారి పత్రిక పక్కన పెట్టి లేచాడు. తర్వాత లోపలికి వెళ్లి ఆఫీసులో సెలవు రోజు డ్యూటీలో ఉన్నవాడికి ఫోను చేసి, సదాశివను రేపు పొద్దున్నే పనిలో చేరమని కబురు పంపమన్నాడు.

"కబురు నేను తీసుకుపోతాను సార్" అని చెప్పి, అబ్రహాం గేటు పక్కన ఆనించి ఉన్న బంగళా జవాను సైకిలును అడిగి తీసుకుని, శాలిబండ దారి పట్టాడు.