పోతయ్య గుమ్మంలో కర్ర

మంట కొండ నడుము దాటేసింది.

పుణ్యవతి పచ్చికొమ్మతో కొడుతూనే ఉంది. ఒకచోట ఆరితే పక్కన లేస్తోంది. అంతా ఎండుటాకులు, పైగా గాలి. ఆమె వెనక ఊరి ఆడవాళ్ళు దగ్గుతూ, ఏడుస్తూ కొమ్మలు ఆడిస్తున్నారు.

"అప్పా, దిగిపో!" పైనుంచి గంగన్న అరిచాడు. ఊళ్ళో అందరికీ ఆమె అప్ప, అంటే అక్క. "వెదురు అంటుకున్నాది. ఇంక మన సేతుల్లో నేదు!"

"నువ్వు దిగు. నాను రాను."

"నువ్వు సచ్చిపోతే కాగితం మీద సంతకం ఎవులెడతారు? దిగెహె!"

వెదురు బొంగులు ఒకదాని వెనక ఒకటి పేలడం మొదలైంది. దిగక తప్పలేదు.

కాగితం అంటే కొండ హక్కు పత్రం. ఈ పులిమెట్ట కొండను కాపాడుకునే హక్కు, అందులో పండింది ఏరుకునే హక్కు ఊరిదేనని ప్రభుత్వం రాసివ్వాలి. అడవి కమిటీ ప్రెసిడెంటుగా పుణ్యవతి దానికోసం బరంపురం తిరగని ఆఫీసు లేదు. వచ్చే వారం పెద్ద అధికారులు కొండ చూడ్డానికి వస్తామన్నారు. ఇప్పుడు వాళ్ళకి చూపించడానికి బూడిద మిగిలింది.

కింద ఫారెస్టు జీపు ఆగి ఉంది. ఫారెస్టర్ లోకనాథ్ పోతయ్య చొక్కా పట్టుకుని నిలబడ్డాడు.

"ఠెంగా ఇతని గుమ్మంలో ఉంది," అన్నాడు. "ఇవాళ కాపలా ఇతనిదే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఆకులు తగలబెట్టుంటాడు."

ఠెంగా అంటే కాపలాకర్ర. పగలంతా అడవిలో తిరిగి కొండ దిగినవాడు సాయంత్రం దాన్ని పక్కింటి గుమ్మానికి ఆనిస్తాడు. తెల్లారి ఎవరి గుమ్మంలో కర్ర ఉంటే ఆ రోజు కాపలా ఆ ఇంటిది. పిలుపుండదు, ప్రశ్న ఉండదు. ఆ ఊళ్ళో కర్ర మాటకి తిరుగులేదు.

"బాబూ, తెల్లారి సూసినాను. కర్ర నేదు," పోతయ్య చేతులు జోడించాడు. "నా వంతు రానేదనుకోని వంకాయలట్టుకోని దిగపహండి సంతకెల్లినాను. కండక్టర్నడుగు. సిల్లర నేదని బస్సంతా ఇనపడేలా తిట్టినాడు!"

"కర్ర కనపడదు గానీ సారా కొట్టు కనపడతాదేటి నీకు?" కిరాణా కొట్టు కూర్మారావు అన్నాడు. మసి మొహాలతోనే ఒకరిద్దరు నవ్వారు.

నిన్నటి కాపలా పోతయ్య పక్కింటిది, అంటే పుణ్యవతి ఇంటిది. ఆమె ఒక్కగానొక్క కొడుకు రవి వెళ్ళాడు. ఇప్పుడు అతనే ముందుకొచ్చాడు. "పొద్దుగూకినాక నానే ఆనించినాను మావా. తాగీసి సూసుకోనేదేమో నువ్వు."

లోకనాథ్ తన ఒడియా అలవాటుతో పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ పుణ్యవతిని పక్కకి తీసుకెళ్ళాడు.

"మావుసీ, ఒక తాగుబోతు చేసిన పొరపాటని రాస్తాను. కమిటీకి మచ్చ రాదు. కాలిన అడవి చిగురిస్తుంది, మీ కాగితం మీకొస్తుంది. అదే కమిటీ వాళ్ళ చెయ్యి ఉందని తేలిందా, ఫైలు మూసేస్తారు. కొండ చుట్టూ కంచె వేసి మిమ్మల్ని రానివ్వనివాళ్ళకి పోతుంది. తర్వాత కట్టెపుల్ల తెచ్చుకున్నా కేసే."

ఆమె తలూపింది. ఒక్క తాగుబోతు. ఊరంతటికీ కొండ. కాళ్ళు మాత్రం పోతయ్య ఇంటివైపు నడిచాయి.

పోతయ్య పెళ్ళాం కన్నమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. కర్ర ఇంకా తలుపు పక్కనే ఆనించి ఉంది. గుమ్మం ముందు పేడనీళ్ళు చల్లి, వరిపిండితో ముగ్గు వేసి ఉంది.

పుణ్యవతి వంగింది. ముగ్గు గీత కర్ర పక్కనుంచి తిరిగిపోలేదు. కర్ర కిందినుంచి వెళ్ళింది. కర్ర ఎత్తి చూసింది. అడుగంతా తెల్లటి పిండి.

"ముగ్గెప్పుడేసినావే?"

"తెల్లారినాకే అప్పా. ఏసీసి పొలానికెల్లిపోనాను. కర్రుంటే నాను సూడనా? ఆడ్ని లేపి కొండకి తోలనా?"

ముగ్గు పడ్డాక కర్ర వచ్చింది. అంటే రాత్రంతా అది పోతయ్య గుమ్మంలో లేదు. దాన్ని చివరగా పట్టుకున్నవాళ్ళ ఇంట్లోనే ఉంది.

తన ఇంట్లో.

రవిని దొడ్డివైపు లాక్కెళ్ళింది. "రాత్రి కర్రెక్కడెట్టినావురా?"

"గుమ్మంలో..."

"కర్ర ముగ్గుపిండి తొక్కి నిలబడ్డాది. మళ్ళీ సెప్పు."

రవి చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "బరంపురం గేట్ బజార్‌లో ఒక కలప వేపారి ఉన్నాడు. నిన్న నా వంతులో లారీ కొండెక్కించినాను. టేకు నరికి దించీసినారు. నరికిన మొదళ్ళు అదికార్ల కంట పడకూడదని ఇయ్యాల ఆకులంటించినాను. మనిసి కాపలాకొత్తే కుదర్దని రాత్రి కర్ర దాసినాను, ఆల్లిద్దరూ ఎల్లిపోనాక ఆ గుమ్మంలో ఆనించినాను. కొండంతా పోతాదని తెల్దమ్మా."

"పోతయ్య?"

"ఆడికేటున్నాది పోడానికి? నువ్వు నోరిప్పితే కాగితం పోద్ది. నీ కట్టమంతా పోద్ది. నాను జైలుకెల్తాను. ఊరుకోయే అమ్మా."

ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు. కొట్టి ఏం లాభం? వాడు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

జీపు స్టార్టయిన చప్పుడు.

పుణ్యవతి పరుగెత్తింది. పోతయ్య వెనక సీట్లో ఇద్దరు గార్డుల మధ్య ముడుచుకుని ఉన్నాడు. కన్నమ్మ జీపు తలుపు వదలడం లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తున్నారు.

"ఏడవకే," పోతయ్య అంటున్నాడు. "మన పుణ్యమ్మప్ప ఉన్నాది కదా. అప్ప సెప్తాది."

పుణ్యవతి జీపుకి అడ్డంగా నిలబడింది. లోకనాథ్ తల బయటికి పెట్టాడు.

"మావుసీ, ఆలోచించుకో. పేరంటూ చెబితే మళ్ళీ వెనక్కి తీసుకోలేం."

కొండ శిఖరం అంటుకుంది. ఆర్పడానికి ఎవరూ కదల్లేదు. కాలిన చీరచెంగులతో ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఈ కొండని చంటిపిల్లల్ని చంకనేసుకుని కాపలా కాసినవాళ్ళు. ఆమె నోరిప్పితే, రేపట్నుంచి దాని అంచున నిలబడినా దొంగలే.

"ఏటైనాది అప్పా?" గంగన్న అడిగాడు.

గుంపు వెనక రవి తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు.

"పోతయ్యని దించండి," అంది పుణ్యవతి. పొగకి గొంతు చీరుకుపోయి మాట సరిగా రాలేదు. మళ్ళీ అంది, ఈసారి అందరికీ వినపడేలా. "కర్ర దాసినోడు, కొండంటించినోడు ఈడు కాదు. నా కొడుకు. రవి."