రెండు దెబ్బల బండి

ఆయన బస్సు డ్రైవరు, ఆవిడ అదే బస్సుకు కండక్టరు. రిటైరయ్యాక మంచం, పొయ్యి ఉన్న పెద్ద వ్యాను కొనుక్కుని ఊళ్ళు తిరగడానికి బయల్దేరారు. పాత అలవాట్లు మాత్రం పోలేదు. బస్టాపు కనిపిస్తే ఆయన ఆపకుండా పోడు. వెనక రెండు దెబ్బలు పడందే కదలడు, పడ్డాక క్షణం ఆగడు.

ఆ ఉదయం బళ్ళు నిలిపే మైదానంలో ఆయన ఇంజను స్టార్టు చేసి సీట్లో కూర్చున్నాడు, ఆవిడ కుళాయి దగ్గర గిన్నె తోముతోంది. పక్క వ్యానులో వచ్చిన పళ్ళ డాక్టరు, "బండి భలే ఉంది పిన్నిగారూ!" అంటూ దాని వీపు మీద ముచ్చటగా రెండుసార్లు చరిచాడు. అంతే, బండి తుర్రుమంది.

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, ఫోన్ చెయ్యండి!"

"స్టీరింగు పట్టుకుంటే ఆయన ఫోనెత్తరు. మీ బండి తియ్యండి. తర్వాతి స్టాపులో ఆగుతారు, నేను కొట్టందే కదలరు. ఇవాళ పట్టుకోకపోతే నన్నడగండి!"

అన్నట్టే ఆయన బండి బస్టాపులో బుద్ధిగా నిలబడి ఉంది. ఆవిడ గిన్నెతోనే దిగి, ఒళ్ళు మండిపోయి, "పెళ్ళాం ఎక్కిందో లేదో చూసుకోవక్కర్లేదా!" అంటూ వెనక తలుపును దబ్ దబ్‌మని బాదింది.

బండి వెళ్ళిపోయింది.

డాక్టరు మళ్ళీ తన వ్యాను తలుపు తీశాడు. ఆవిడ ఎక్కి, గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"పోనివ్వండి బాబూ. ముందు ఇంకో స్టాపుంది. ఈసారి ఎదురుగా వెళ్ళి నిలబడతా."