కోర్టులో అమ్మ చెప్పిన మాట

లా ఎందుకు చదవాలనుకుంటున్నావో మూడు వందల మాటల్లో రాయమంది యూనివర్సిటీ. అడగడానికేం పోయింది వాళ్లకి! సూర్యాపేటలో డిగ్రీ ముగించి, కోదాడలో అమ్మ దగ్గరికి వచ్చేసిన నవనీతకు పొద్దున్నుంచీ రాయడం, కొట్టేయడమే పని. సాయంత్రం ఐదింటికి గడువు.

కారణం ఆమెకు కంఠతా వచ్చు. నాన్న మట్టయ్య, అప్పట్లో వాళ్లుండే మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. ఏడేళ్ల కింద యజమాని కొడుకు తాగి వెనక్కి తోలిన లారీ కింద పడి, మిల్లులోనే ప్రాణం విడిచాడు. సద్ది పట్టుకెళ్లిన అమ్మ ఏసమ్మ ఒక్కతే కళ్లారా చూసింది. అదే ఏసమ్మ మరుసటేడు కోర్టులో బోనెక్కి, చూడలేదంది. కేసు కొట్టేశారు. అప్పటినుంచి నవనీత తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు.

"ఏం రాసినవో సదువు బిడ్డా," అంది ఏసమ్మ, బియ్యంలో రాళ్లేరుతూ.

నవనీత చదివింది. కోర్టు సంగతి వచ్చింది. ఆ నాలుగు వాక్యాలూ మింగేసి చివరికి దూకింది.

ఏసమ్మ చేట పక్కన పెట్టింది. "నడుమ ఇడిసిపెట్టినవ్. నేను అబద్ధమాడింది రాయలేదా?"

"రాసిన. నీ ముంగట సదవబుద్ధి గాలే."

"రాస్తే రాసినవ్ గని, సగమే రాసినవ్. సాక్ష్యానికి ముందురోజు మిల్లోళ్ల మనుషులు ఇద్దరొచ్చిండ్రు. నీ హాస్టల్ పేరు, రూము నంబరు, ఐతారం నువ్వు ఏ బాటపట్టి చర్చికి పోతవో అన్నీ జెప్పిండ్రు. ఇంకో మాట అనలే. ఇగ నేనేం జెయ్యాలె?"

నవనీత తల్లి పక్కకు జరిగి కూర్చుంది. ఆరేళ్లు! ఆరేళ్లు ఈ మనిషిని పిరికిదని మనసులో తిట్టుకుంది.

"నాకెందుకు జెప్పలేదమ్మా?"

"జెప్తే నీకు సదువెక్కునా? భయపడి ఇంట్ల కూసుందువు."

తల్లి ఒళ్లో తలపెట్టి నవనీత వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, ఆ ముక్క కూడా రాసింది. ఈసారి ఒక్క మాట వదలకుండా చదివి వినిపించింది. ఏసమ్మ ప్రతి వాక్యానికీ తలూపుతూ విన్నది. అంతా అయ్యాక కొంగుతో బొటనవేలు తుడుచుకుని ముందుకు చాచింది.

"ముద్ర యాడెయ్యాలె?"

"దీనికి ముద్ర అక్కర్లేదమ్మా. కంప్యూటర్ల పంపుడే."

"గట్లెట్ల బిడ్డా? సూడలేదన్ననాడు కోర్టుల ఏయించుకున్నరు గద. సూసిన్నంటే వద్దా?"